బాపమ్మ పెట్టిన మూడు పరీక్షలు

కాజీపేట,
2025 జూన్ 8

యమునకు బాపమ్మ రాసేది,

ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నామని రాయడానికి భయం. అట్లా రాసిన తెల్లారే ఎవరికో ఒకరికి జ్వరం వస్తుంది. నువ్వు ఎట్లా ఉన్నావు? మైసూరులో చలి ఎక్కువట, ఏనుగులు కూడా ఉంటాయట. మీ హాస్టలు గేటు రోజూ ఎవరు వేస్తారు? వేసిన తర్వాత ఒకసారి గుంజి చూస్తారా? తెలుసుకొని రాయి.

ఫోనులో నీ మాట సగమే వినపడుతుంది. మిగతా సగం నేనే ఊహించుకొని రెండు రోజులు అన్నం తినను. అందుకే ఉత్తరమే మంచిది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు, వంకరగా ఉంటే సర్దుకో.

నీ పరిశోధనకు పాత కథ కావాలన్నావు కదా, మా అమ్మ చెప్పింది రాస్తున్నాను. ఒక కుమ్మరాయన కొడుకు ఉన్నాడు. వాడి చెల్లెను రాకాసి ఎత్తుకుపోయింది. తల్లి అడవికి పోవద్దంటే వినకుండా పోయాడు. అడవి మొదట్లో గుడిసెలో ఒక ముసలమ్మ కూర్చుంది. ఆమె నువ్వులూ ఆవాలూ కలిపి కుప్ప పోసి, పొద్దుగూకేలోపు వేరు చేయమంది. చీమలు వచ్చి చేసిపెట్టాయి. తర్వాత వెనుక గది తలుపు తీయొద్దంది. వాడు తీశాడు. అందులో ఉన్న చిలుక రాకాసి జాడ చెప్పింది. మూడో పరీక్ష ఏమిటో నాకు యాదికి లేదు. మా అమ్మ అక్కడికి వచ్చేసరికి నిద్రపోయేదాన్ని. ఆఖరుకు ముసలమ్మ వాడికి ఒక చేతికర్ర ఇచ్చింది. దానితో రాకాసిని కొట్టి సున్నపు బట్టీలోకి తోశాడు. చెల్లెను తెచ్చుకున్నాడు, రాజు బిడ్డను పెళ్ళి చేసుకున్నాడు. రాజు ఎక్కడి నుంచి వచ్చాడని అడగకు, కథ చివర ఒక రాజు ఉంటాడు.

ఇప్పుడు ఇంటి సంగతి. మీ వినోదక్క మొన్న అన్నం తింటూ తింటూ, శేఖర్ అనే అబ్బాయిని చేసుకుంటానంది. డోర్నకల్ వాళ్ళట. మడికొండలో కంప్యూటర్ల కంపెనీలో పని. మన పిల్ల పని చేసే బ్యాంకుకు ఖాతా తెరవడానికి వచ్చాడట, ఆ ఖాతా ఏడాదిగా తెరుస్తూనే ఉన్నాడట. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మీ బాపు చాలా తెలివిగా, "మా అమ్మ సరే అంటే నాది సరే బిడ్డా" అని చేయి కడుక్కున్నాడు. మీ అమ్మ కూడా "అత్తమ్మ ఇష్టం" అంది. పెళ్ళి మొత్తం నా నెత్తిన పడింది.

మీ బాపు రైల్లో గార్డు. జెండా ఊపితే బండి పోతుంది, అది నాకు తెలుస్తుంది. ఈ అబ్బాయి ఏం ఊపుతాడో ఎవరూ చెప్పలేకపోతున్నారు. చదువుకున్నదానివి, మనిషి ఎట్లాంటివాడో తెలుసుకునే ఉపాయం ఉంటే రాయి. నిద్ర పట్టడం లేదు. చెవులకు బట్ట కట్టుకో.

నీ బాపమ్మ,
రాజక్క

మైసూరు,
జూన్ 15

బాపమ్మా,

ఏనుగులు ఊరి బయట ఉంటాయి. గేటు వేస్తారు, గుంజి కూడా చూస్తారు.

నీ కథ చదివి మా సారు కుర్చీలోంచి లేచారు. మేము ఇక్కడ చేసే పని సరిగ్గా ఇదే. కథలో మనిషి ఎవరన్నది మేము చూడం, ఏం చేశాడన్నదే చూస్తాం. కుమ్మరి కొడుకైనా రాజు కొడుకైనా వాడు చేసే పనులు ఒకటే. ఇల్లు విడుస్తాడు. ఎవరో వద్దంటారు, వినడు. దారిలో ఒకరు పరీక్ష పెడతారు. సాయానికి ఎవరో వస్తారు. ఒక కథలో చీమలు, ఇంకో కథలో పిచ్చుకలు, పని మాత్రం అదే. దుష్టుల పనులూ అంతే. ముందు కూపీ లాగుతారు, తర్వాత ఏదో వేషం వేసి మోసం చేస్తారు, ఎవరినో బంధిస్తారు, కలిసి ఉండాల్సిన వాళ్ళను విడదీస్తారు. మొహం చూసి రాకాసి అనుకోకూడదు, పని చూసి అనుకోవాలి.

శేఖర్ సంగతి అక్క నాకు ముందే చెప్పింది. మనిషి ఎట్లాంటివాడో ఎట్లా తెలుసుకోవాలి అంటావా? జవాబు నీ కథలోనే ఉంది. ఆ గుడిసె ముసలమ్మ ఏం చేసిందో నువ్వూ అదే చెయ్యి. సరదాకు అంటున్నాను. మంచి అబ్బాయి, సరే అనేయి.

ఇంకో కథ పంపు. వచ్చే నెలాఖరున మా సదస్సు.

నీ యమున

కాజీపేట,
జూన్ 24

బిడ్డా యమునా,

నీ ఉత్తరం అందింది. సరదాకు అని రాశావు కానీ, నా బరువు దించావు. ఆ ముసలమ్మ చేసినట్టే చేస్తున్నాను.

ముందుగా కూపీ లాగాను. డోర్నకల్ నుంచి రోజూ ఆకుకూరలు తెచ్చే ఆమెను అడిగితే, "ఆ ఇంటోళ్ళు మంచోళ్ళే, కాకపోతే పాలకూర తినరు" అంది. పాలకూర ఎందుకు తినరో తెలియక ఒక రాత్రి పోయింది.

ఆదివారం అబ్బాయిని పిలిపించాను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కాళ్ళకు మొక్కాడు. చాయ్ తాగనిచ్చి, నువ్వులూ ఆవాలూ కలిపిన గిన్నె ముందర పెట్టి వేరు చేయమన్నాను.

"గిదేంది బాపమ్మా?" అన్నాడు.

"ఏం లేదు బిడ్డా, చెయ్యి తప్పి కలిసినయి. పొద్దుగూకేలోపట ఏరియ్యి" అన్నాను.

అబ్బాయి గిన్నెను చూశాడు, వినోదను చూశాడు, ఫోను తీశాడు. పది నిమిషాలు కాలేదు, ఎర్రచొక్కా వేసుకొని, మీసాలు నెరిసిన ఒకాయన బండి మీద వచ్చి నువ్వుల పొట్లం వేరే, ఆవాల పొట్లం వేరే ఇచ్చిపోయాడు. నేను ఆయనకు మజ్జిగ ఇచ్చాను, ఎండలో వచ్చాడు పాపం. తర్వాత ఒకటే ఆలోచన పట్టుకుంది. నీ లెక్కలో ఆ మీసాలాయన చీమల పని చేశాడా? చేస్తే ఈ అబ్బాయి గెలిచినట్టా? చీమలు అవంతట అవే వస్తాయి, ఎవరూ ఫోను చేయరు. ఈ సంగతి మీ సారును అడుగు.

రెండో పరీక్షకు, "అంతా నీ ఇల్లే అనుకో, ఆ వెనుక అర్రలకు మాత్రం పోవద్దు" అన్నాను. అబ్బాయి పోలేదు. భోజనం చేశాడు, పోలేదు. రెండు చెంబుల నీళ్ళు తాగాడు, పోలేదు. సాయంత్రానికి మొహం అదోలా పెట్టి కుర్చీ అంచున కూర్చున్నాడు. మాట అడిగితే ఊ అంటున్నాడు. ఉన్నట్టుండి లేచి, ఎడమ చెప్పు కుడికి తొడుక్కొని, ఎవరికీ చెప్పకుండా గల్లీ పట్టుకొని ఉరికాడు.

వినోద వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది. "బాపమ్మా, బాత్రూంకు దారి ఆ అర్రల నుంచే గదా" అంది.

నాకు ఆ ధ్యాసే లేదు బిడ్డా. అయినా వద్దన్న తలుపు తీసేవాడే కథలో గెలుస్తాడు కదా. ఇట్లా చెప్పిన మాట వినేవాడితో కథ ఎట్లా నడుస్తుంది? పాసో ఫెయిలో తెలియడం లేదు. జర తొందరగా రాయి. వానల్లో గొడుగు మరిచిపోకు.

బాపమ్మ

మైసూరు,
జులై 1

బాపమ్మా,

అక్క ఫోను చేసింది. సగం సేపు ఏడ్చింది, సగం సేపు నవ్వింది. ఏది ఎప్పుడో చెప్పలేను. మన గల్లీ చివర ఇస్త్రీ బండి వాళ్ళింట్లో బాత్రూం అడిగి వెళ్ళాడట శేఖర్. ఇప్పుడు వాళ్ళందరికీ తెలుసు.

నేను రాసినవి కథల సంగతులు. బతికి ఉన్న మనుషుల మీద వాడొద్దు. మూడో పరీక్ష నీకు యాదికి లేకపోవడమే మంచిదైంది, ఇక్కడితో ఆపేయి. ఇంకా అనుమానం ఉంటే ఒక్కటి చెప్తాను. మా లెక్కలో దొంగ వీరుడు అని ఒకడుంటాడు. తాను చేయని పనిని నేనే చేశానని చెప్పుకొని పెళ్ళికి సిద్ధమవుతాడు. చివర్లో బయటపడతాడు. అట్లాంటివాడైతే భయపడాలి. శేఖర్ అట్లాంటివాడు కాదు. ఫికర్ చేయకు.

మీసాలాయన సంగతి మా సారును అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, చీమే అన్నారు.

నీ యమున

కాజీపేట,
జులై 9

యమునా,

ఇల్లు ఇల్లులా లేదు. ఎట్లా రాయాలో తెలియడం లేదు, వరుసగా రాస్తాను.

నీ ఉత్తరం శనివారం అందింది. శేఖర్ దొంగ వీరుడు కాదు అని పనిగట్టుకొని ఎందుకు రాశావు? ఏ అనుమానం లేకపోతే ఆ మాట నీకు ఎందుకు గుర్తుకొస్తుంది? రాత్రంతా అదే. తెల్లారి ఆదివారం. ఏం చేస్తాడో చూద్దామని, మోకాళ్ళు పట్టుకున్నాయని అబద్ధమాడి మంచం ఎక్కి మూలిగితే, వినోద ఫోను చేసిందట, ఆ అబ్బాయి మందు సీసా పట్టుకొని వచ్చాడు. చేతిలో ఒక డబ్బా కూడా ఉంది. అందులో సకినాలు.

"ఎవరు చేసిండ్రు బిడ్డా?" అన్నాను.

"మా అమ్మ, నేను కల్సి చేసినం బాపమ్మా" అన్నాడు.

సకినం చుట్టడం అంటే మాటలా? తడి పిండిని రెండు వేళ్ళ సందున మెలిపెడుతూ చుట్టు మీద చుట్టు వేయాలి. మీ అమ్మకు నేర్పడానికి నాకు రెండు పండుగలు పట్టింది. మూడో పరీక్ష దానంతట అదే దొరికింది. మంచం దిగి బియ్యం నానబోశాను. మోకాళ్ళ సంగతి మరిచిపోయాను, అందరూ చూశారు. మధ్యాహ్నం పిండి కలిపి, బట్ట పరిచి, "ఒక్కటి చుట్టు బిడ్డా" అన్నాను.

చుట్టాడు. వాన పడ్డాక గోడ మీద పాకే నత్త ఉంటుంది కదా, అది. అదైనా ఒక వైపు తల ఉంటుంది, దీనికి అదీ లేదు.

నోరు ఊరుకోలేదు యమునా. "నువ్వు దొంగ వీరునివి. చెయ్యని పని చేసిన్నంటివి" అన్నాను. అందరి ముందే అన్నాను.

అబ్బాయి చేతికి పిండి అట్లానే ఉంది. "నేను పిండి పిసికిన బాపమ్మా. చుట్టింది మా అమ్మ. కల్సి చేసినం అన్న గదా" అన్నాడు. చేయి కడుక్కొని పోయాడు. ఈసారి చెప్పులు సరిగ్గానే తొడుక్కున్నాడు, అది చూస్తే ఇంకా భయమేసింది.

సోమవారం డోర్నకల్ నుంచి వాళ్ళమ్మ యాకమ్మ మీ బాపుకు ఫోను చేసింది. "మా పిలగాడు దొంగ అయితే మీ పిల్లను ఎందుకిస్తరన్నా, ఆలోచించుకోండ్రి" అని పెట్టేసిందట. వినోద బ్యాంకుకు పోతుంది, వస్తుంది. నాతో మాట్లాడదు. ఉప్పు కావాలంటే గోడతో చెప్తుంది, గోడ నాకు చెప్పాలి.

నిన్న మీ అమ్మ నీ మొదటి ఉత్తరం తెచ్చి నా ముందు పెట్టింది. "అత్తమ్మా, దుష్టులు చేసే పనులు ఇందుల రాసింది మన యమున. జర చదువుండ్రి" అంది.

చదివాను. కూపీ లాగుతారట. ఆకుకూరలామెను అడిగింది నేనే. వేషం వేసి మోసం చేస్తారట. లేని మోకాళ్ళ నొప్పితో మూలిగింది నేనే. బంధిస్తారట. పొద్దంతా ఆ పిల్లగాడిని బాత్రూంకు పోనీయకుండా కూర్చోబెట్టింది ఎవరు? కలిసి ఉండాల్సిన వాళ్ళను విడదీస్తారట. ఇక దాచడానికి ఏముంది. మీ అమ్మ గడపకు ఆనుకొని, చాట పట్టుకొని నిలబడింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి అంత నెమ్మదిగా ఎప్పుడూ నిలబడలేదు.

బిడ్డా, నీ లెక్క ప్రకారం ఈ ఇంట్లో రాకాసిని నేనే. మా అమ్మ కథలో దాన్ని సున్నపు బట్టీలో తోశారు. మిగతా కథల్లో ఏం చేస్తారు? ఇంకా మెత్తగా ఏదైనా ఉందా? ఎక్కువ ఖర్చైనా సరే, తొందరగా వచ్చే పోస్టులో రాయి.

బాపమ్మ

మైసూరు,
జులై 14

బాపమ్మా,

ముందు అన్నం తిను. నువ్వు రెండు పూటల నుంచి తినడం లేదని అమ్మ చెప్పింది.

తప్పు నాది కూడా. సరదాకు అని ఒక మాట రాసి, ఆ మాట ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించలేదు.

నువ్వు రాకాసివా కాదా అన్నది ఇంకా తేలలేదు. నీ కథనే మళ్ళీ చూడు. రాకాసీ మనుషులను సతాయిస్తుంది, గుడిసె ముసలమ్మా సతాయిస్తుంది. అక్కడి దాకా ఇద్దరి పనులూ ఒకటే. తేడా ఎక్కడ ఉందంటే, ముసలమ్మ పరీక్షలు అయ్యాక చేతిలో కర్ర పెట్టింది. రాకాసి ఏమీ ఇవ్వదు, పట్టుకున్నది వదలదు. పరీక్ష పెట్టిన మనిషి చివరకు ఏదో ఒకటి ఇవ్వాలి. ఇస్తే ఆమెను మేము దాత అంటాం. నువ్వు ఇప్పటిదాకా ఏమీ ఇవ్వలేదు. అంతే.

అక్క నాతో ఒక్కటే అంది. "బాపమ్మ మనసారా సరే అంటేనే చేసుకుంట. లేకుంటే ఇద్దరం ఎవరికి వాళ్ళం అయితం, గొడవ మాత్రం చెయ్యం." అంటూ ముక్కు చీదింది. అక్క చీదిందంటే నీకు తెలుసు కదా, దానికి జలుబు చేసినా చీదదు.

సదస్సు వల్ల నేను రాలేను. నీ దగ్గర ఇవ్వడానికి ఏముందో నువ్వే చూసుకో.

నీ యమున

కాజీపేట,
జులై 21

యమునా,

అన్నం తిన్నాను. ఇప్పుడు జరిగింది రాస్తాను, మధ్యలో భయపడకు, చివరకు ఇంటికి వచ్చాను.

ఏం ఇవ్వాలని మూడు రోజులు ఆలోచించాను. డబ్బాలో డబ్బా వెతికినట్టు అన్నీ వెతికాను. నా దగ్గర ఉన్నది ఒక్క మాటే, అదే కదా అందరూ అడుగుతున్నది. దాన్ని ఫోనులో చెప్తే వాళ్ళకు సగమే వినపడుతుందేమోనని డోర్నకల్ పోతానన్నాను.

మీ బాపు, "నువ్వొక్కదానివి పోకే అమ్మా. నాకు సెలవు దొరకని, తీస్కపోత" అన్నాడు. వినలేదు. శనివారం మీ అమ్మ బండి ఎక్కించింది. కిటికీ పక్కన కూర్చుంటే చేయి బయట పెడతానని భయం, అటు కూర్చుంటే స్టేషన్ దాటిపోతుందని భయం. నడుమ కూర్చున్నాను. మహబూబాబాద్ దగ్గర చూసుకుంటే కళ్ళద్దాలు లేవు. దేవుని అర్రలోనే పెట్టి వచ్చాను.

డోర్నకల్‌లో దిగేసరికి వాన. మనుషులందరూ తడిసిన బట్టల మూటల్లా కనపడుతున్నారు. ఎవరో వచ్చి నా సంచి పట్టుకున్నాడు. దొంగ అనుకొని గుంజాను. వాడు ఏదో అన్నాడు, బండి కూతలో వినపడలేదు. సంచి ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకొని వంతెన మెట్లు ఎక్కించాడు. నేను మెట్టు మెట్టుకూ ఆగితే వాడూ ఆగాడు. పైన గొడుగు పట్టాడు, మొత్తం నా దిక్కే పట్టాడు. కిందికి దిగాక బల్ల తుడిచి కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు.

నాకు సంగతి చెప్పుకునే మనిషి దొరికాడు. ముక్కూ మొహమూ తెలియనివాడు కదా అని అంతా చెప్పాను. "మా మనుమరాలిని ఒక పిలగాడు అడిగిండు బిడ్డా. మంచోడే ఉన్నట్టుండు. నేనే అడ్డమైన పరీక్షలు పెట్టిన. పిల్ల ఎక్కడ దుఃఖపడుతదో అని నా భయం. గా భయంతోనే పిల్లను ఏడిపించిన. ఇప్పుడు వాళ్ళమ్మ నా మొహం మీద తలుపేస్తే ఏం చెయ్యాలె?" అన్నాను. వాడు ఒకటి రెండుసార్లు నోరు తెరిచాడు. నేను ఆగలేదు. ఆ సకినం ఎట్లా ఉందో కూడా చెప్పాను, నత్త సంగతితో సహా.

ఆటో ఎక్కించాడు, తానూ ఎక్కాడు. రెండు మలుపులు తిరిగి ఒక ఇంటి ముందు దించాడు. మెట్టు దగ్గర బురద ఉంటే ఇటుక వేశాడు. "రాండ్రి, ఇదే" అన్నాడు.

అప్పుడు నాకు తట్టింది. నేను ఎవరింటికి పోవాలో వాడికి చెప్పనే లేదు.

"అడ్రస్ అడగకుంటనే తెచ్చినవు. ఎవరు బిడ్డా నువ్వు?" అన్నాను.

"శేఖర్‌ను బాపమ్మా. స్టేషన్ల దిగినప్పటి సంది చెప్దామనే చూస్తాన. మీరు చెప్పనిస్తే గదా" అన్నాడు. వినోద ఫోను చేసిందట, గంట ముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడట.

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను యమునా. కళ్ళద్దాలు ఉంటే శేఖర్ అని చూసేదాన్ని, చూసి మళ్ళీ ఏదో ఒకటి వెతికేదాన్ని. అవి లేక వాడు చేసిన పని ఒక్కటే కనపడింది.

లోపలి నుంచి యాకమ్మ వచ్చింది. గట్టి మనిషి. చేయి తుడుచుకుంటూ, "ఏం పెద్దమ్మా, పరీక్ష పెట్టనీకి వచ్చిన్రా? మా ఇంట్ల నువ్వులు అయిపోయినయి" అంది.

"పెట్టనీకి కాదు బిడ్డా, ఇయ్యనీకి వచ్చిన. మా వినోదను మీ ఇంటికి ఇస్తాన. నేను మీ పిలగాన్ని అనరాని మాట అన్న. ఆ చెడ్డపేరు నా నోటికే రావాలె, మీ పిలగానికి కాదు" అన్నాను.

ఆమె లోపలికి తిరిగి, "ఓ శేఖర్, పెద్దమ్మకు పొడి తువ్వాల తే. ముందుగాల బాత్రూం ఎక్కడుందో చూపియ్యి" అంది. మనసులో పెట్టుకునే మనిషే, కానీ నవ్వింది. అన్నంలోకి పప్పు, పచ్చిపులుసు. పాలకూర ఎందుకు తినరని అడుగుదామనుకొని నోరు మూసుకున్నాను. అంత కష్టమైన పని నేను ఇంతవరకు చేయలేదు.

వినోద ఇప్పుడు గోడను వదిలేసి నాతోనే మాట్లాడుతోంది. శ్రావణంలో పెళ్ళి మాట ముచ్చటకు వాళ్ళు వస్తారు, నువ్వు రావాలి.

కానీ ఒకటి అడగాలి బిడ్డా. నీ లెక్క పెళ్ళి దగ్గర ఆగిపోయింది. ఇల్లు విడవడం దగ్గర నుంచి పెళ్ళి దాకా ఎవరు ఏం చేస్తారో అంతా రాశావు. పెళ్ళైన తెల్లారి నుంచి వాళ్ళు ఏం చేస్తారో ఒక్క ముక్క లేదు. మా అమ్మ కూడా అక్కడే ఆపేది. అంటే అక్కడేదో ఉన్నట్టే కదా? మీ సారును అడిగి వెంటనే రాయి. నాకు మళ్ళీ నిద్ర పట్టడం లేదు.

నీ బాపమ్మ,
రాజక్క